నీటి జాడ పట్టే పసుపు కాగితం

తిరువూరు వాళ్లకు విమానమంటే గన్నవరం విమానాశ్రయమే. అక్కడైనా లండన్‌లోనైనా రెక్కల్లోకి ఇంధనం ఎక్కించేటప్పుడు ఒక పరీక్ష తప్పదు. ట్యాంకర్ అడుగు నుంచి కాస్త ఇంధనం గాజు జాడీలోకి పట్టి గిర్రున తిప్పుతారు. నలుసులు, నీటి బొట్లు ఉంటే సుడి కింద నడిమధ్యకు చేరతాయి.

చూపుకు తేటగా ఉంటే చాలదు. పొగమంచులా సన్నగా చెదిరిన నీరు కంటికి ఆనదు. అందుకే సిరంజి మూతికి షెల్ కంపెనీ రూపొందించిన చిన్న ప్లాస్టిక్ క్యాప్సూల్ తగిలించి, దాని గుండా 5 మిల్లీలీటర్ల ఇంధనం లాగుతారు. లోపలి పసుపు కాగితం రంగు మారకపోతే సరే. పది లక్షల పాళ్లలో 30 పాళ్ల నీరున్నా ఆకుపచ్చకు తిరుగుతుంది. కరెంటు అక్కర్లేని ఇంత చిన్న వస్తువు ఇంత పని చేయడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

నీరు ఎక్కడిది? ట్యాంకులోకి చొరబడే తేమగాలి నుంచి, వాన నుంచి, ఇంధనంలోనే కరిగి ఉన్న తేమ నుంచి. పైన చలికి అది మంచు కడుతుంది. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి వచ్చిన బోయింగ్ 777 విమానం రెండు ఇంజిన్ల బలమూ చాలక లండన్ హీత్రూ రన్‌వేకు ముందే నేలను తాకింది. కారణం ఇంధన మార్గంలో పేరుకున్న మంచు. ఆ ఇంధనం ప్రమాణాలకు లోబడినదే! 152 మందీ బతికారు.

ఇక కాపలాదారే దొంగైన కథ. నీరు తగలగానే ఉబ్బి దారి మూసేసే పాలిమర్‌తో చేసిన ఫిల్టర్లు ఇంధన వాహనాల్లో ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేశాయి. పసిపిల్లల డయాపర్లలో ఉండేదీ ఆ జాతి పదార్థమే. 2010 ఏప్రిల్ 13న ఇండోనేషియాలోని సురబయాలో భూగర్భ ఇంధన గొట్టాల్లో చేరిన ఉప్పునీరు ఆ పాలిమర్‌ను చెడగొట్టింది. అక్కడ క్యాథే పసిఫిక్ సంస్థ ఎయిర్‌బస్ విమానంలోకి ఇంధనం ఎక్కిస్తుండగా గొట్టం పలుమార్లు అదిరింది. చూపుకు మాత్రం ఇంధనం తేటగానే ఉంది. సన్నటి పాలిమర్ గుండ్లు ఆ విమానం ఇంజిన్ల కవాటాల్లో ఇరుక్కున్నాయి. 322 మందితో హాంకాంగ్ చేరేసరికి ఒక ఇంజిన్ తగ్గనంటుంది, ఇంకొకటి పెరగనంటుంది. పైలట్లు గంటకు 420 కిలోమీటర్లకు పైగా వేగంతో దించి అందరినీ కాపాడారు.

ఆ గొట్టం అదిరినప్పుడే ఫిల్టర్ విప్పి చూడాల్సింది. తర్వాత ఆ రకం ఫిల్టర్లకు అంతర్జాతీయంగా వీడ్కోలు పలకడం మొదలైంది. వాటి చోట పాలిమర్ లేని ఫిల్టర్లు, ఇంధనం పారుతుండగానే నీటిపాలు చెప్పే ఎలక్ట్రానిక్ సెన్సర్లు వస్తున్నాయి.