పొద్దు గూకే వేళ తూర్పుకు చూడండి

చుట్ట తాగే తాతయ్య పక్కన కూర్చున్నవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. వేళ్ల మధ్య ఊరికే కాలుతున్న చుట్ట కొస నుంచి లేచే పొగ పల్చగా, నీలిగా మెలికలు తిరుగుతుంది. అదే పొగను ఆయన పీల్చి వదిలితే తెల్లగా వస్తుంది. పొగాకు ఒకటే, నిప్పు ఒకటే. మారింది పొగలోని నలుసుల సైజు. కొస నుంచి నేరుగా లేచేవి అతి సన్నం. లోపలికి వెళ్లొచ్చేసరికి వాటికి తేమ పట్టి లావెక్కుతాయి. సన్నటి నలుసు నీలాన్నే ఎక్కువగా చెదరగొడుతుంది, లావుపాటిది అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా, మబ్బు తెల్లగా ఉండటానికీ కారణం ఇదే.

చుట్ట లేని ఇళ్లలో ఊదుబత్తితో చూడొచ్చు. పొగ వెనక నల్లటి బీరువా తలుపు ఉంటే పొగ నీలిగా కనిపిస్తుంది. వెనక ఎండ పడే కిటికీ ఉంటే అదే పొగ గోధుమరంగులోకి దిగుతుంది. ఈ రెండోది గుర్తుపెట్టుకోండి, సాయంత్రానికి పనికొస్తుంది.

ఎండ తెల్లగా కనిపించినా అందులో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయని బళ్లో చదువుకున్నదే. రంగుకూ రంగుకూ తేడా అల పొడవులో ఉంది. నీలం అల సుమారు 450 నానోమీటర్లు, ఎరుపు అల 700. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నానోమీటరు. గాలిలోని నత్రజని, ఆక్సిజన్ అణువులు నీలం అల కంటే వెయ్యి రెట్లకు పైగా చిన్నవి. ఇంత చిన్నవాటికి వెలుగు తగిలితే ఏమవుతుందో 1871లో ఇంగ్లండులో జాన్ స్ట్రట్ లెక్కగట్టాడు. తర్వాత లార్డ్ రేలీగా పేరుబడ్డది ఆయనే. అల పొడవు సగమైతే చెదరడం రెట్టింపు కాదు, ఏకంగా 16 రెట్లవుతుంది. ఆ లెక్కన నీలం ఎరుపు కన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువ చెదురుతుంది. పట్టపగలు సూర్యుణ్ణి వదిలేసి ఎటు తలెత్తినా కంట్లో పడేది ఇలా దారి తప్పి వచ్చిన వెలుగే. చంద్రుడి మీద చెదరగొట్టే గాలి లేదు, అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది.

మరి ఊదా అల ఇంకా చిన్నది కదా, ఆకాశం ఊదాగా ఉండాలి కదా అని అడిగే పిల్లలుంటారు. వాళ్లను కసురుకోవద్దు, ప్రశ్న సరైనదే. ఎండలో ఊదా పాలు నీలం కంటే తక్కువ, పైగా మన కంటికి ఊదా అంతగా ఆనదు. చెదిరి వచ్చిన రంగులన్నీ కలిసి మనకు లేత నీలంగా తోస్తాయి.

సముద్రపు నీలం మాత్రం ఆకాశపు నీడేనని రేలీ అన్నాడు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తూ సి.వి. రామన్ ఒక చిన్న పట్టకంతో నీటి మీది తళుకును అడ్డుకుని చూశాడు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీరు ఎరుపును మింగేస్తుందన్నదే అందులో పెద్ద కారణమని ఇప్పుడు తెలుసు. అయినా వట్టి నీడ అన్న మాట ఆ ఓడ మీదే తేలిపోయింది. రామన్ బడి చదువు సాగింది విశాఖపట్నంలో, మన సముద్రం ఒడ్డునే.

ఇక సాయంత్రం. సూర్యుడు నేలబారుకు దిగేసరికి ఎండ దాటాల్సిన గాలి, నడినెత్తిన ఉన్నప్పటి కంటే సుమారు 38 రెట్లు పెరుగుతుంది. ఊరి పేర్లతో చెబితే ఇది బాగా పట్టుబడుతుందని లెక్కవేసి చూశాను. ఏప్రిల్ మొదటివారంలో కాకినాడలో పొద్దు గూకే క్షణాన కంటికి చేరే కిరణం, హైదరాబాద్ మీద సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున, విమానాలు తిరిగే ఎత్తులో ఉంటుంది. ఖమ్మం దగ్గరికి వచ్చేసరికి 4 కిలోమీటర్లకు దిగుతుంది. అక్కణ్ణించి చిక్కటి గాలినీ దుమ్మునూ రాసుకుంటూ గోదావరి దాటి వస్తుంది. దారి పొడవునా నీలాన్ని పారేసుకుంటూ, చివరికి నారింజ, ఎరుపు మిగుల్చుకుని కాకినాడ చేరుతుంది. కిటికీ ముందరి ఊదుబత్తి పొగ ఇదే. అప్పటికి హైదరాబాదులో పొద్దు గూకడానికి ఇంకా పావుగంట ఉంటుంది. అక్కడివాళ్లు తలెత్తి చూసే నీలంలో కాకినాడకు చేరకుండా పోయిన నీలం కూడా కాస్త ఉంటుంది.

మే నెలలో పగటి ఆకాశం వెలిసిపోయినట్టు ఉండటానికి కారణం కూడా ఈ దుమ్మూ తేమా ఎక్కువవడమే, లావుపాటి నలుసు అన్ని రంగుల్నీ చెదరగొడుతుంది కదా. ఒక్క వాన పడితే కడిగినట్టు నీలం తేలుతుంది.

సూర్యుడు దిగిపోయాక నడినెత్తిన ముదురు నీలం కమ్ముతుంది. మధ్యాహ్నపు నీలానికి చెప్పిన కారణం దీనికి చాలదు. అంత దూరం గాలిలో నడిచిన వెలుగు ఆపాటికి పసుపుబారాలి. దాన్ని నీలంగా నిలిపేది ఎత్తున ఉన్న ఓజోన్ పొర, అది నారింజ, పసుపు వెలుగును పీల్చేసుకుంటుంది. హల్‌బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1953లో గానీ ఇది తేల్చలేదు.

మన కోస్తాలో సముద్రం తూర్పున పడింది, సూర్యాస్తమయం చూడాలంటే గోవా పోవాలి అని పెదవి విరిచేవాళ్లుంటారు. నన్నడిగితే మనకు దక్కినదే అరుదైనది. శీతాకాలంలో, మబ్బు లేని సాయంత్రం, సూర్యుడు వెనక దిగిపోగానే సముద్రం వైపు చూడండి. నీటి అంచు మీద బూడిదా నీలమూ కలిసిన పట్టీ ఒకటి లేస్తుంది. చాలామంది మంచు అనుకుని పట్టించుకోరు. అది భూమి నీడ. మనం నిలబడ్డ నేలే గాలి మీద పరిచిన నీడ. దానిపైన గులాబీ రంగు పట్టీ ఉంటుంది. మన తలల మీదుగా దాటిపోయిన ఎర్రటి వెలుగు తూర్పు గాలికి తగిలి వెనక్కి వస్తే ఆ గులాబీ. నిమిషాలు గడిచేకొద్దీ నీడ పైకెక్కుతుంది, గులాబీ పల్చబడుతుంది, కాసేపటికి అంచు చెరిగి అంతా ఒకే చీకటవుతుంది. తెల్లవారకముందే లేచేవాళ్లకు ఇదే నీడ పడమట కిందికి దిగిపోతూ కనిపిస్తుంది.