కాకులు ఎగిరిపోతే రాజ్యం పోతుందా?

మన గోడ మీద కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం. లండన్ టవర్ కోటలో మాత్రం కాకులు ఎగిరిపోతాయేమోనని భయం! అవి వెళ్లిపోతే కోట కూలుతుందని, రాజ్యం పోతుందని నమ్మకం. అందుకే కనీసం 6 బొంతకాకులు ఎప్పుడూ అక్కడ ఉండాల్సిందే. వాటి బాగోగులకు ప్రత్యేకంగా ఓ ఉద్యోగి. మేతకు పచ్చిమాంసం, నెత్తుటిలో నానబెట్టిన బిస్కెట్లు. మరీ దూరం ఎగరకుండా రెక్కల ఈకలు కొద్దిగా కత్తిరిస్తారు. అపశకునాన్ని కత్తెరతో ఆపడమన్నమాట!

17వ శతాబ్దంలో రెండో చార్లెస్ రాజు ఈ ఏర్పాటు చేశాడని కథ. కానీ కోటలో ఈ కాకులున్నట్టు దొరికిన పాత ఆధారాలు 1880ల నాటివే. రెండో ప్రపంచ యుద్ధంలో అవి ఆరు కంటే తగ్గిపోయాయి. రాజ్యం చెక్కుచెదరలేదు. అయినా యుద్ధం ముగిశాక మళ్లీ కొత్త కాకుల్ని తెచ్చుకున్నారు.