కట్టు విప్పాక కంటిపాప పెద్దదిగా కనిపిస్తే...
ఆపరేషన్ మరునాటి పరీక్షను మానవద్దు

అనకాపల్లి: కంటి ఆపరేషన్ చేయించుకుని ఊరికి వచ్చిన వారిని చూడడానికి ఇరుగుపొరుగు వస్తారు. నల్లకళ్లద్దాలు తీయించి మరీ చూస్తారు. "ఆ కన్నులా ఈ కన్ను లేదేమిటి? పాప ఇంత పెద్దదయిందేమిటి?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. ఆ తర్వాత రెండింటిలో ఒకటి జరుగుతుంది. కన్ను పోయిందని ఊరంతా పాకి, ఆపరేషన్‌కు సిద్ధపడిన మరో నలుగురు మానుకుంటారు. లేదా, "అదే తగ్గుతుందిలే" అని ఇంట్లోవారు ఊరుకుంటారు. రెండూ పొరపాటే.

కంటిపాప ఒక రంధ్రం

కంటి నడుమ నల్లగా కనిపించే కంటిపాప నిజానికి వెలుగు లోపలికి వెళ్లే రంధ్రం. దాని చుట్టూ ఉన్న గోధుమరంగు తెరలో రెండు కండరాలుంటాయి. ఒకటి రంధ్రాన్ని ముడుస్తుంది, మరొకటి విప్పుతుంది. మంచి వెలుతురులో కంటిపాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. చీకట్లో 8 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది.

గట్టు మీద ఉమ్మెత్త మొక్క పీకి, అదే చేత్తో కన్ను నులుముకున్న వారికి కంటిపాప విచ్చుకుపోయి చూపు మసకబారుతుంది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ వంటి పదార్థాలే ఇందుకు కారణం. ఆ అట్రోపిన్‌నే శుద్ధి చేసి, కొలత ప్రకారం డాక్టర్లు చుక్కల మందుగా వాడతారు. దాని ప్రభావం వారం పది రోజులు కూడా ఉండవచ్చు. పరీక్షకు వేసే మామూలు చుక్కల ప్రభావం సాధారణంగా ఒక రోజులో పోతుంది. కాబట్టి ఆపరేషన్ తర్వాత పాప పెద్దదిగా కనిపిస్తే చాలాసార్లు అది మందు పనే. అయితే మందు పనో కాదో తేల్చవలసింది డాక్టరే గాని ఇరుగుపొరుగు కాదు.

అరుదైన చిక్కు

మందు ప్రభావం పోయినా పాప ముడుచుకోకుండా అలాగే నిలిచిపోవడం ఒక అరుదైన చిక్కు. అర్జెంటీనా దేశపు నేత్ర వైద్యుడు అల్బెర్టో ఉర్రెట్స్-జవాలియా 1963లో దీన్ని వివరంగా రాశారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. ఆ పొర శంఖం మొనలా ముందుకు పొడుచుకు వచ్చే జబ్బుకు కార్నియా మార్పిడి చేయించుకున్న కొందరిలో ఆయన దీన్ని చూశారు. వారి కంటిపాప వెలుగుకు ముడుచుకోలేదు, తెర పలుచబడింది, కంటిలో ఒత్తిడి పెరిగింది. అందుకే ఈ చిక్కుకు ఆయన పేరే పెట్టారు.

మొదట అట్రోపిన్ మీద అనుమానపడ్డారు. తర్వాత ఆ మందు వాడని వారిలోనూ ఇది కనిపించింది. శుక్లాల ఆపరేషన్, నీటికాసుల ఆపరేషన్ అయిన వారిలోనూ అరుదుగా బయటపడింది. ఆపరేషన్ సమయంలో గాని, అయిన కొద్ది గంటల్లో గాని కంటిలో ఒత్తిడి పెరిగితే తెరలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయని నేత్ర వైద్యులు ఎక్కువగా ఒప్పుకునే కారణం. నీళ్ల పైపును కాలితో తొక్కి ఉంచితే మడికి నీరందనట్టే, రక్తం అందక ముడిచే కండరం చచ్చుబడుతుంది.

చెరకు రైతులకు ఎందుకీ సంగతి?

మనది చెరకు, బెల్లం ప్రాంతం. చెరకు నరికేటప్పుడు ఆకు అంచు కంటికి గీసుకోవడం కొత్త కాదు. ఆ గీతలో బూజు చేరితే పుండు పడుతుంది. పుండు మానినా తెల్లని పువ్వు మిగులుతుంది. పువ్వు ముదిరితే చూపు కోసం, మరణించిన వారు దానం చేసిన కార్నియా అమర్చవలసి వస్తుంది. ఇలాంటి మార్పిడి మొదటిసారి ఫలించింది 1905 డిసెంబర్ 7న, నేటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో. డాక్టర్ ఎడువార్డ్ జిర్మ్ ఆ ఆపరేషన్ చేసింది సున్నం పడి కళ్లు దెబ్బతిన్న ఒక వ్యవసాయ కూలీకి. కంటికి ఆకు గీసుకున్న రోజే పసర్లు పిండకుండా డాక్టరుకు చూపించుకుంటే చాలామందికి ఆపరేషన్ దాకా రాదు.

మరునాడు రమ్మనేది ఇందుకే

ఆపరేషన్ తర్వాత ఒత్తిడి పెరిగితే అది చాలావరకు మొదటి 24 గంటల్లోనే పెరుగుతుంది. పాదరసం కొలతలో 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలు ఒత్తిడి. అంతకు మించి పోతుంటే చుక్కలతో, మాత్రలతో, అవసరమైతే సూదిమందుతో తగ్గిస్తారు. కోత సందు నుంచి కొద్దిగా నీరు తీసే వీలూ ఉంది. ఒక రోజు కూలి పోతుందని, బస్సు ఛార్జీ దండగని ఆ పరీక్ష మానితే ఈ అవకాశమంతా చేజారుతుంది.

కన్ను సలుపుతూ నొప్పి, ఒకవైపు తలపోటు, వాంతులు, ఉన్న చూపు తగ్గడం, ఎరుపు పెరగడం కనిపిస్తే చెప్పిన తేదీ వరకు ఆగకూడదు. వాంతులను పైత్యమనుకుని సోడా తాగించి పడుకోబెట్టడం వల్ల విలువైన గంటలు పోతాయి. ఆసుపత్రి చీటీతో సహా అదే రాత్రి బయలుదేరాలి.

మాత్రల సంగతి దాచవద్దు

వయసు మళ్లిన మగవారు మూత్రం సాఫీగా రావడానికి వాడే టామ్సులోసిన్ మాత్రలకూ కంటిపాపకూ సంబంధముందని 2005లో అమెరికా వైద్యులు ఛాంగ్, క్యాంప్‌బెల్ వెల్లడించారు. ఆ మాత్రలు వాడిన వారిలో శుక్లాల ఆపరేషన్ సమయంలో తెర వదులై ఊగులాడుతుంది, పాప చిన్నదైపోతుంది. ముందే తెలిస్తే డాక్టరు జాగ్రత్తపడతారు. మాత్రలు మానేసి చాలాకాలమైనా చెప్పాలి. సిగ్గుపడవలసిన విషయం కాదు.

పెద్దదిగానే ఉండిపోతే?

కొందరికి కొన్ని నెలల్లో పాప కొంతవరకు ముడుచుకుంటుంది. ముడుచుకోని వారికి ఎండలో కళ్లు తెరవలేని బాధ, రాత్రి దీపాల చుట్టూ వెలుగు చెదిరినట్టుండడం ఉంటాయి. నల్లకళ్లద్దాలు, రంగు వేసిన కాంటాక్ట్ లెన్సు కొంత ఊరటనిస్తాయి. తెరకు కుట్టు వేసి రంధ్రాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్స కూడా ఉంది. ఒక్కసారి సూది దూర్చి నాలుగు చుట్లతో కుట్టే సులువైన పద్ధతిని 2017లో మన దేశపు వైద్యులు ప్రియా నారంగ్, అమర్ అగర్వాల్ ప్రకటించారు.

విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక వద్ద ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం 2006 నుంచి పనిచేస్తోంది. అనకాపల్లి నుంచి బస్సెక్కితే రెండూ దూరం కాదు.

ఇలాంటి చిక్కు అరుదు. దానికి జడిసి శుక్లం ముదరబెట్టుకుంటే చూపు పోవడం అరుదు కాదు. ఆపరేషన్ చేయించుకోండి. కట్టు విప్పిన రోజు నుంచి ఇంట్లోవారు వెలుతురులో రెండు కళ్లనూ పోల్చి చూడండి. తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మరునాటి పరీక్షకు మాత్రం, పొలంలో ఎంత పని ఉన్నా, వెళ్లి తీరండి.