ఫ్రిజ్ గొణుగుతుంది, కంప్రెసర్ అరుస్తుంది: ఎందుకు?

ప్రశ్న: మా నాన్న ఇంటి వెనక షెడ్డులో కంప్రెసర్ వేస్తే పక్కింటి తాతగారు కిటికీలు మూసేసుకుంటారు. ఫ్రిజ్‌లో ఉండేదీ కంప్రెసరేనని మా సైన్సు మాస్టారు చెప్పారు. మరి అదెందుకు అరవదు? మాదాన్నీ అలా చెయ్యొచ్చా?

మీ మాస్టారు చెప్పింది నిజం. ఫ్రిజ్ వెనక, అడుగున నల్లటి ఇనప డొల్ల ఒకటి కనిపిస్తుంది. దానిలోనూ పిస్టన్ ఉంటుంది, అది సిలిండర్‌లో ముందుకీ వెనక్కీ ఆడుతూ వాయువును నొక్కుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఇన్వర్టర్ లేని మామూలు ఫ్రిజ్‌లో మోటారు నిమిషానికి 2,900 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. మీ షెడ్డులోది బెల్టు లేకుండా మోటారుకే పిస్టన్ బిగించిన రకమైతే, సాధారణంగా అదీ 2,800 చిల్లర తిరుగుతుంది. మీది పెద్దది, ఎక్కువ కరెంటు తాగేది, నిజమే. కానీ గొణుగుడుకీ అరుపుకీ ఉన్నంత తేడా పరిమాణం ఒక్కదాని వల్లే రాదు.

అసలు ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో చూద్దాం. చాలామంది మోటారుదనుకుంటారు, కానీ ఎక్కువ భాగం దానిది కాదు. పిస్టన్ వెనక్కి జరిగినప్పుడల్లా సిలిండర్ మూతలో (హెడ్‌లో) ఉన్న పలచటి ఉక్కు రేకు (రీడ్ వాల్వ్) తెరుచుకుని బయటి గాలి గబుక్కున లోపలికి పోతుంది. పిస్టన్ తిరిగి రాగానే రేకు టప్పున మూసుకుంటుంది, లోపలికి వస్తున్న గాలి ఉన్నపళంగా ఆగిపోతుంది. నిమిషానికి 2,800 అంటే సెకనుకు దాదాపు 47 సార్లు. శబ్దమంటే గాలిలో ఒత్తిడి మాటిమాటికీ పెరిగి తరగడమే కదా! అందుకే ఎయిర్ ఫిల్టరు బిగించిన ఆ చిన్న రంధ్రం దగ్గరే అన్నిటికన్నా పెద్ద చప్పుడు పుడుతుంది. కంప్రెసర్ గోలలో పెద్ద భాగం అది గాలి పీల్చుకునే గోల.

ఫ్రిజ్‌లో ఆ రంధ్రం బయటికి తెరుచుకోదు. డొల్ల లోపలే, చిన్న ప్లాస్టిక్ డబ్బా లాంటి సైలెన్సర్ గుండా వాయువు సిలిండర్‌లోకి పోతుంది. మోటారూ పిస్టనూ కలిసి స్ప్రింగుల మీద కూర్చుంటాయి. వాయువును బయటికి తీసుకుపోయే సన్నటి గొట్టాన్ని కూడా తిన్నగా పెట్టరు, మెలికలు తిప్పి పెడతారు. మెలికలున్న గొట్టం సాగి ముడుచుకుంటూ అదురును తనలోనే ఉంచుకుంటుంది. వీటన్నిటినీ కప్పుతూ పైన మందపాటి ఉక్కు డొల్ల, సందు లేకుండా వెల్డింగు చేసి. అంటే పీల్చే చప్పుడుకు సైలెన్సర్, అదురుకు స్ప్రింగులు, మిగిలినదానికి డొల్ల.

మీ నాన్నగారు కూడా ఇదే వరసలో వెళ్ళాలి. వరస ఎందుకంత ముఖ్యమో చెబుతాను. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు, అవి మామూలు అంకెల్లా కూడవు. ఒక చోటి నుంచి 85, ఇంకో చోటి నుంచి 80 డెసిబెల్స్ వస్తుంటే రెండూ కలిసి 165 కావు, 86 పైచిలుకు మాత్రమే. ఇప్పుడు కష్టపడి ఆ 80ని పూర్తిగా నోరు మూయించారనుకో, మిగిలేది 85. చెవికి తేడాయే తెలియదు. రబ్బరు ముక్కలు పెట్టి, గోడలకు స్పాంజి అంటించి, “ఏం చేసినా ఇంతే” అని విసుక్కునేవాళ్ళకు జరిగేది ఇదే. చేసింది తప్పు కాదు, ముందు చేయాల్సింది చేయలేదు.

కాబట్టి మొదట పీల్చే చోటు. నాన్నగారిని ఒక చిన్న పరీక్ష చేయమను. మిషను ఆపి, ఫిల్టరు విప్పి, ఆ రంధ్రానికి కొంచెం పొడుగైన గొట్టం తగిలించి, రెండో కొసను షెడ్డు బయటికి పెట్టి, ఆ కొసకు ఫిల్టరు బిగించి వేయాలి. షెడ్డులో చప్పుడు ఎంత తగ్గిందో అప్పుడే తెలిసిపోతుంది. అయితే ఆ గోల ఇప్పుడు బయటికి పోయింది, అంటే తాతగారి వైపుకి! అందుకని దారిలో సైలెన్సర్ కావాలి. సన్నటి గొట్టంలో వస్తున్న శబ్దానికి ఒక్కసారిగా వెడల్పాటి గది ఎదురైతే అందులో కొంత వెనక్కి తిరిగిపోతుంది. గదిలోంచి మళ్ళీ సన్నటి గొట్టంలోకి దూరేటప్పుడు ఇంకొంత తిరిగిపోతుంది. మోటారు సైకిలు సైలెన్సర్లలోనూ ఈ సూత్రం ఉంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కకు రెండు పక్కలా మూతలు వేసి, వాటికి సన్నటి గొట్టాలు దూర్చినా పని జరుగుతుంది. హెడ్ బాగా కాలుతుంది కనుక పీవీసీని దానికి తగలనివ్వకూడదు, మధ్యలో పీల్పుకు నొక్కుకుపోని గట్టి రబ్బరు హోస్ ఉండాలి. గొట్టం లోపలి వెడల్పు హెడ్ రంధ్రం కన్నా తక్కువ కాకూడదు. తక్కువైతే మిషనుకు గాలి చాలదు, ట్యాంకు నిండడానికి ఎక్కువసేపు పట్టి వేడెక్కుతుంది. బయటి కొసను నేల వైపు వంచి జాలీ కట్టండి, లేకపోతే మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు అందులోనే కాపురం పెడతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పీవీసీ పీల్చే వైపు మాత్రమే. ట్యాంకు వైపు, అంటే నొక్కిన గాలి ఉండే వైపు దాన్ని ఎప్పుడూ వాడకూడదు. పగిలితే పెంకులు ఎగిరి పడతాయి.

తర్వాత అదురు. కాళ్ళ కింద రబ్బరు పెడితే సరిపోదు, మిషను బరువుకు ఆ రబ్బరు కాస్త అణగాలి. అణగనంత గట్టిదైతే అది ఉన్నా లేనట్టే. రేకు బల్ల మీదో చెక్కపెట్టె మీదో ఉంటే దింపెయ్యాలి, అవి అదురును పెద్ద శబ్దంగా మార్చి వినిపిస్తాయి. గోడకు బిగించిన ఇనప పైపు లైనుంటే మొదటి రెండడుగులు హోస్ వేయాలి. ఫ్రిజ్‌లో మెలికల గొట్టం చేసే పని అదే.

ఇక డొల్ల. ఇక్కడ ఫ్రిజ్‌ను పూర్తిగా అనుకరించలేం. ఫ్రిజ్ కంప్రెసర్ వాడేది తక్కువ కరెంటు, పైగా చల్లగా తిరిగొచ్చే వాయువు దాన్ని చల్లబరుస్తుంటుంది. రెండు హార్స్‌పవర్ కంప్రెసర్ అంటే 1,500 వాట్లు, అదంతా దాదాపు చివరికి వేడిగానే మారుతుంది. మూసిన పెట్టెలో ఒకటిన్నర ఇస్త్రీ పెట్టెలు వెలిగించి పెట్టినట్టు! అందుకే పెట్టె కట్టినా గాలి వచ్చే దారి, పోయే దారి, ఒక ఫ్యాను తప్పవు. ఆ దారులు తిన్నగా కాక రెండు మలుపులు తిరగాలి. గాలి మలుపు తిరిగి పోతుంది, శబ్దం చాలావరకు గోడలకు కొట్టుకుని అక్కడే తగ్గుతుంది. పెట్టె బరువైన ప్లైవుడ్‌తో, సందుల్లేకుండా ఉండాలి. కోడిగుడ్ల అట్టలు అంటించడం ఉత్త శ్రమ. సెకనుకు 47 సార్లు కొట్టే శబ్దం అల పొడవు ఏడు మీటర్లకు పైనే ఉంటుంది, అంగుళం మందం అట్టకో స్పాంజికో అది లొంగదు. పలచటి స్పాంజి కీచుమనే సన్నటి చప్పుళ్ళను మాత్రం కాస్త పీలుస్తుంది. కానీ వేడి హెడ్ దగ్గర మామూలు స్పాంజి అంటుకునే ప్రమాదం ఉంది.

వీటన్నిటికన్నా చవకైన పని ఒకటుంది: మిషనును తక్కువసేపు తిరగనివ్వడం. సబ్బునీళ్ళు రాసి కీళ్ళ దగ్గర బుడగలొస్తున్నాయేమో చూడాలి. గాలి కారుతుంటే వాడకపోయినా ట్యాంకు ఖాళీ అవుతుంటుంది, మిషను వేళాపాళా లేకుండా లేస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మీటరు దూరంలో 85 దాటే మిషన్లు మామూలే కనుక, రాత్రిపూట స్విచ్ ఆపేయడమే నయం.

చివరగా, మిషను ఆగగానే “తుస్సు”మనే చప్పుడును మాత్రం మూయవద్దని నాన్నగారితో చెప్పు. హెడ్‌కూ ట్యాంకుకూ మధ్య గొట్టంలో చిక్కుకున్న గాలిని ప్రెషర్ స్విచ్ అలా వదిలేస్తుంది. అది వదలకపోతే మోటారు మళ్ళీ లేవడానికి ఆ ఒత్తిడిని నెట్టుకుంటూ లేవాలి, లేవలేక కాలిపోవచ్చు కూడా. తుస్సు ఒకటి రెండు సెకన్లలో ఆగాలి. ఆగకుండా కారుతూనే ఉంటే ట్యాంకు మూతి దగ్గర ఎన్‌ఆర్‌వీ (గాలిని వెనక్కి రానివ్వని వాల్వ్) సరిగ్గా మూసుకోవడం లేదు. ప్లగ్గు పీకి, ట్యాంకు గాలంతా వదిలేసి, అప్పుడు దాన్ని విప్పి చూడాలి. తరచు లోపల చిన్న నలుసో, అరిగిన రబ్బరు బిళ్ళో ఉంటుంది.