యుద్ధం ముగిసినా వదలని విషం

పొలంలో కలుపుమందు చల్లితే కలుపు మొక్కలు మాడిపోవటం మీలో చాలామంది చూసే ఉంటారు. అటువంటి మందును అడవులపై విమానాలతో కురిపిస్తే?

వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం ఆ పనే చేసింది. శత్రువులు దాగే చెట్ల ఆకులు రాల్చటానికి, పంటలు పాడుచేయటానికి 1962 నుండి 1971 వరకు 7 కోట్ల లీటర్లకు పైగా మందులు చల్లింది. వాటిలో ముఖ్యమైనది 'ఏజెంట్ ఆరెంజ్'. పీపాలపై ఉండే నారింజరంగు పట్టీని బట్టి ఆ పేరు వచ్చింది. ఇది 2,4-డి, 2,4,5-టి అనే రెండు రసాయనాల మిశ్రమం. రెండవదాన్ని తయారుచేసేటప్పుడు డయాక్సిన్ అనే విషం కొద్దిగా, ఎవరూ కోరకుండానే పుడుతుంది. అసలు ముప్పు దానివల్లనే.

చేతికంటిన నూనె ఒట్టి నీళ్లతో పోదు కదా? డయాక్సిన్ కూడా నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుచేత మూత్రంతో బయటికి పోక, శరీరపు కొవ్వులో నిలిచిపోతుంది. అందులో సగం తగ్గటానికే 7 నుండి 11 ఏళ్లు పడుతుంది. అంతకాలమూ కణాలలో జన్యువుల పనితీరును అది తారుమారు చేయగలదు.

అందుకే దాని కీడు ఆలస్యంగా బయటపడుతుంది. కొన్ని రకాల క్యాన్సర్లకు, మధుమేహానికి, పార్కిన్సన్ వ్యాధికి ఈ మందుతో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చూపాయి. అయితే ఎప్పుడో సోకిన విషమే తన జబ్బుకు కారణమని ఒక్కొక్క సైనికుడూ ఎలా రుజువు చేయగలడు? ఆ చిక్కు తీర్చటానికి అమెరికా 1991లో చట్టం చేసింది: వియత్నాంలో పనిచేసిన సైనికుడికి జాబితాలోని జబ్బు వస్తే, మందే కారణమని ప్రభుత్వం అంగీకరిస్తుంది. రక్తపోటు ఆ జాబితాలో చేరింది 2022లో. అప్పటికి యుద్ధం ముగిసి 47 ఏళ్లు!

ఆ మందు వానలో తడిసిన వియత్నాం సైనికులకు, పల్లె ప్రజలకు ఆ చట్టం వర్తించదు. విషానికి మాత్రం ఆ తేడా తెలియదు.