ఇంజిన్ పారబోసే వేడి

1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్‌ను పరీక్షించినప్పుడు, ఇంధనంలోని శక్తిలో దాదాపు 26 శాతాన్ని అది పనిగా మార్చింది. మామూలు ఆవిరి యంత్రానికి పది శాతమే గగనమైన రోజుల్లో అది గొప్ప విజయం. అయినా ముప్పాతిక వంతు శక్తి వేడిగా మారి, పొగతో కొంత, సిలిండర్ల చుట్టూ తిరిగే నీళ్ళతో కొంత బయటికి పోయింది. 1912లో డెన్మార్క్ ఓడ సెలాండియా డీజిల్ ఇంజిన్లతో కోపెన్‌హేగన్ నుంచి బ్యాంకాక్ వెళ్ళింది. 1933లో జపాన్‌లోని యాన్మార్ సంస్థ డీజిల్ ఇంజిన్‌ను చిన్న పనులకు సరిపోయే యంత్రంగా కుదించింది. అలా కుదించుకుంటూ తెరచాప పడవ పొట్టలోకి కూడా డీజిల్ చేరింది. ఇంధన శక్తి పంపకం మాత్రం నేటికీ పెద్దగా మారలేదు. ఇంచుమించుగా మూడింట ఒక వంతు ప్రొపెల్లర్‌కి, ఒక వంతు పొగకి, ఒక వంతు చల్లబరిచే నీళ్ళకి.

తెరచాప పడవ గాలితో నడుస్తుంది. రేవు దాటడానికి, సాయంత్రం లంగరు వేసే చోటికి చేరడానికి, గాలి పడిపోయినప్పుడు మాత్రం ఇంజిన్ వేస్తారు. స్కాట్లండ్ పడమటి తీరంలో నడివేసవిలోనూ సముద్రం 13, 14 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రోజంతా ఉప్పునీటి తుంపర్లలో తడిసిన మనిషికి వేణ్ణీళ్ళు కావాలి. 20 లీటర్లను 15 డిగ్రీల నుంచి 75 దాకా కాచడానికి సుమారు 1.4 యూనిట్ల కరెంటు పడుతుంది. 12 ఓల్టుల బ్యాటరీ నుంచి తీస్తే 115 ఆంపియర్-అవర్లకు పైమాటే. చిన్న పడవలో బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. పది కిలోవాట్ల పని చేస్తున్న ఇంజినైతే దాదాపు అంత వేడినే చల్లబరిచే ద్రవంలోకి, అంటే కూలెంట్‌లోకి, వదులుతుంటుంది. అందులో సగం పట్టుకున్నా అరగంటలో నీళ్ళు కాగుతాయి. చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 48 లీటర్లు వస్తాయి. పొదుపుగా వాడితే ఇద్దరి స్నానం.

ఇంత వేడి ఊరికే పోతున్నా పాతకాలపు ఇంజిన్ల నుంచి దాన్ని పట్టుకోవడం అంత తేలిక కాదు. వాటిలో సముద్రపు నీరే నేరుగా సిలిండర్ల చుట్టూ తిరిగేది. బాగా వేడెక్కితే ఉప్పు, సున్నం గట్టిపడి దారులు మూసుకుపోతాయి కాబట్టి 60 డిగ్రీల లోపే ఉంచేవారు. తర్వాత ఇంజిన్‌లో కూలెంట్ మూసిన దారిలో తిరుగుతూ, తన వేడిని హీట్ ఎక్స్చేంజర్ ద్వారా సముద్రపు నీటికి అప్పజెప్పే పద్ధతి వచ్చింది. ఉష్ణోగ్రత 80 డిగ్రీలకు ఎక్కింది. ఆ వేడితో వాడకం నీళ్ళు కాచే ట్యాంకుకు, అంటే పడవ గీజర్‌కి, అసలు బలం అక్కడ దొరికింది.

మన ఇళ్ళలో ఒకప్పటి రాగి బాయిలర్‌లో నడిమి గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్ళు ఉండేవి. ఇక్కడ నిప్పుల బదులు చుట్టలు తిరిగిన గొట్టంలో కూలెంట్ పారుతుంది. ట్యాంకుకు మందంగా ఫోమ్ తొడుగు ఉంటుంది కనుక సాయంత్రం కాగిన నీళ్ళు మర్నాడు పొద్దున కూడా వెచ్చగానే ఉంటాయి.

కష్టమంతా బిగించడంలోనే ఉంది. కూలెంట్‌ను థర్మోస్టాట్‌కి (ఇంజిన్ వేడెక్కేదాకా దారి మూసి ఉంచే వాల్వుకి) ముందున్న వేడి వైపు నుంచి తీసి, కూలెంట్ పంపు పీల్చుకునే వైపు తిరిగి కలపాలి. అప్పుడే థర్మోస్టాట్ మూసి ఉన్నా చుట్టలోకి ప్రవాహం ఆగదు. కూలెంట్ దారి మొత్తంలో ఇంజిన్ మీద కూలెంట్ పోసే మూత అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. గీజర్ అంతకన్నా పైన కూర్చుంటే, ఇంకా ఎత్తులో మరో చిన్న ట్యాంకు పెట్టక తప్పదు. గొట్టం మధ్యలో ఎక్కడ గూనిలా లేచినా అక్కడ గాలి బుడగ చేరి ప్రవాహాన్ని ఆపేస్తుంది. పైగా గాలికి పడవ 20, 25 డిగ్రీలు ఒరుగుతుంది. రేవులో ఎత్తుగా ఉన్నది సముద్రంలో పల్లమవుతుంది. అందుకే గీజర్‌ను వీలైనంత కిందుగా, పడవ నడిమి గీతకు దగ్గరగా పెట్టి, గట్టి పట్టీలతో చట్రానికి బిగించాలి.

20 లీటర్లు కాగేసరికి అర లీటరు పెరుగుతాయి. వేడినీళ్ళు వెనక్కి పోకుండా చన్నీళ్ళ దారిలో వాల్వు ఉంటుంది కాబట్టి, ఆ పెరుగుదలకు ఒత్తిడి వాల్వో, గాలి నింపిన చిన్న ట్యాంకో దారివ్వాలి. కుళాయి ముందు చన్నీళ్ళు కలిపే వాల్వు విషయంలో మాత్రం నేను ఏ రాజీకీ ఒప్పుకోను. కూలెంట్ వేడి ట్యాంకు నీళ్ళను కూడా 80 డిగ్రీల దాకా తీసుకుపోగలదు. ఊగే పడవలో, ఇరుకు గదిలో అలాంటి నీళ్ళు ఒంటిమీద పడితే క్షణంలో బొబ్బలు.

మామూలు కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. చుట్టకు సూదిమొనంత చిల్లు పడినా అది వాడే నీళ్ళలో కలవగలదు. ఇంజిన్ తయారీదారు ఒప్పుకుంటే విషప్రభావం చాలా తక్కువైన ప్రొపిలీన్ గ్లైకాల్ వాడటం మేలు. మంచినీళ్ళ పంపు నడుస్తున్నప్పుడు దాని ఒత్తిడే ఎక్కువ గనుక నీళ్ళు కూలెంట్‌లోకి చొరబడతాయి, ఇంజిన్ మీది కూలెంట్ ట్యాంకు పొంగుతుంది. పంపు ఆపి ఇంజిన్ నడిపితే దారి తిరగబడవచ్చు. అందువల్ల కూలెంట్ మట్టం అకారణంగా తరిగినా పెరిగినా, ఇంజిన్ విప్పేముందు అనుమానించాల్సింది ఈ చుట్టనే. అది తేలేదాకా ఆ కుళాయి నీళ్ళు ఎవరూ వాడకూడదు.