పాత బ్యాకప్ నుంచి క్షేత్ర దత్తాంశ పునరుద్ధరణ: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల విషయంలో జాగ్రత్తలు

జగిత్యాల జిల్లా పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో వరి-వరి పంటల సరళిపై దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం 2000-01 నుంచి కొనసాగుతున్నది. ఇటువంటి ప్రయోగాలలో ఒక మడి దిగుబడికి గాని, నేలలోని సేంద్రియ కర్బన శాతానికి గాని అర్థం ఏర్పడేది పూర్వ సంవత్సరాల అంకెలతో పోల్చినప్పుడే. నడుమ రెండు పంటకాలాల దత్తాంశం పోయినచో ఆ లోటును ఎంత వ్యయం చేసినా పూడ్చలేము. గడిచిన ఖరీఫ్ తిరిగి రాదు. అందుచేత బ్యాకప్ తీయడంతో పాటు, దాని నుంచి దత్తాంశాన్ని తిరిగి పొందే విధానం కూడా శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు తెలిసి ఉండాలి.

బ్యాకప్ ఉన్నదన్న నమ్మకం ఒక్కటే చాలదు. సాఫ్ట్‌వేర్ రంగంలోని గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ప్రధాన డేటాబేస్ పొరపాటున తొలగిపోయింది. రోజూ ప్రతులు తీసే ప్రోగ్రాము, డేటాబేస్ వెర్షన్‌తో పొసగక, అప్పటికే విఫలమవుతూ ఉంది. ఆ హెచ్చరికలు ఎవరికీ చేరలేదు. చివరకు వేరొక అవసరానికి ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఆదుకొన్నది. ఆ ఆరు గంటలలో డేటాబేస్‌లో చేరిన మార్పులు మాత్రం దక్కలేదు.

పునరుద్ధరణ క్రమం

నష్టం గుర్తించిన వెంటనే కొత్త నమోదులు నిలిపివేయాలి. పాడైన డేటాబేస్‌ను సైతం చెరపక యథాతథంగా భద్రపరచాలి. బ్యాకప్‌ను దానిపై కాక మరొక కంప్యూటర్‌లో తెరవాలి. అన్నిటికంటె తాజా ప్రతియే ఉత్తమమని భావించరాదు. ఒక నిలువు వరుసను మాత్రమే క్రమపరచినందువల్ల దిగుబడులు వేరే మడులకు మారిపోతే, ఆ దోషం తరువాతి ప్రతులన్నిటిలోనికీ చేరుతుంది. కావున దోషం ప్రవేశించిన తేదీకి ముందరి చివరి ప్రతిని ఎంచుకోవాలి.

అనంతరం లెక్క సరిచూడాలి. 12 ట్రీట్‌మెంట్లు, 4 రెప్లికేషన్లు గల ప్రయోగానికి ప్రతి పంటకాలంలో 48 నమోదులు ఉండాలి. కొన్ని మడుల అంకెలను క్షేత్ర నమోదు పుస్తకంతో పోల్చాలి. బ్యాకప్ తేదీకి, నష్టం జరిగిన తేదీకి మధ్యనున్న అంకెలను ఆ పుస్తకం నుంచే తిరిగి ఎక్కించాలి.

జిల్లాల పునర్వ్యవస్థీకరణతో వచ్చే చిక్కు

అంకెలన్నీ సరిగా వచ్చినప్పటికీ జిల్లావారీ సమాచారంలో మరొక ప్రమాదం ఉన్నది. 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం జిల్లాలుగా ఏర్పడింది. పూర్వపు కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడ్డాయి. హుస్నాబాద్ వంటి కొన్ని మండలాలు సిద్దిపేట తదితర జిల్లాలలో కలిశాయి. 2016కు ముందరి ప్రతిని పునరుద్ధరించి కొత్త నమోదులను జోడించినప్పుడు, 'ఆదిలాబాద్' అన్న ఒకే పేరు రెండు వేర్వేరు విస్తీర్ణాలను సూచిస్తుంది. అప్పుడు పత్తి విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపిస్తుంది. దానిని చూసి రైతులు పత్తిని విడిచిపెట్టారని విస్తరణ సిబ్బంది భావిస్తే, సలహాలు, విత్తన ప్రణాళికలు దారి తప్పుతాయి.

దీనికి పరిష్కారం పాత పేర్లను చెరిపి కొత్తవి రాయడం కాదు. గ్రామాన్ని ఆధారంగా తీసుకొని, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉన్నదో తెలిపే పట్టికను వేరుగా ఉంచాలి. గ్రామస్థాయి నమోదులు లేనిచోట నాలుగు కొత్త జిల్లాల మొత్తాన్ని పాత ఆదిలాబాద్‌తో పోల్చవచ్చు. పూర్వపు కరీంనగర్ విషయంలో ఇతర జిల్లాలలో కలిసిన మండలాలను కూడా చేర్చవలసి ఉంటుంది.

ముందు జాగ్రత్త

దత్తాంశానికి మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు విధాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి పరిశోధనా స్థానానికి వెలుపల ఉండాలి. మొలక శాతం చూడనిదే విత్తనాన్ని రైతుకు సిఫారసు చేయము. బ్యాకప్‌కూ అదే పరీక్ష వర్తిస్తుంది: ప్రతి పంటకాలానికి ముందు ఒక ప్రతిని ఖాళీ కంప్యూటర్‌లో తెరిచి, నమోదులు లెక్కించి, ఫలితాన్ని తేదీతో సహా రాసి ఉంచాలి. కంప్యూటర్‌లోనికి ఎక్కించిన తరువాత కూడా క్షేత్ర నమోదు పుస్తకాలను పారవేయరాదు.